పారిపోయిందని రాసేశారు

ఆమె పారిపోయిందని ఇప్పటికీ అంటారు. మస్కట్ నుంచి తిరిగొచ్చిన మా కడప జిల్లా ఆడవాళ్ళు ఏ పెళ్ళిలో కలిసినా ఆ మాట వస్తుంది. ఎవడో డ్రైవరుతో దుబాయి పోయిందని ఒకరంటారు. సలాలాలో కొబ్బరితోటల పక్కన కాపురం పెట్టిందని ఇంకొకరంటారు. నువ్వు చూశావా, చూసినవాళ్ళను చూశావా అని నేను నిలదీస్తాను. ఇలా అడుగుతాననే నన్ను గయ్యాళి అంటారు. అననీ.

ఆమె పారిపోలేదని నాకెలా తెలుసంటే, ఆ గురువారం మధ్యాహ్నం ఆమె తల నిండా ఆముదం ఉంది. నా చేత్తో నేనే రాశాను. మర్నాడు తలంటుకుంటానంది. మా వైపు ఆడది నూనె తలతో పొరుగూరికి కూడా బయలుదేరదు. ఎదురుగా నూనె తల వస్తేనే ప్రయాణం మానుకునే మనుషులం. అట్లాంటిది, జడలోంచి ఆముదం కారుతుండగా దేశం దాటిపోయిందంటే నేను నమ్మను. అలాగని ఎవరో చంపారని కూడా అనను. నాకు తెలిసింది తలకు నూనె ఉందన్న ఒక్క సంగతే.

ఇది రెండువేల ఎనిమిది నాటి మాట. నేను బి.ఏ. చదివి ఇంటిపనికి పోయినదాన్ని. మస్కట్ పక్కన సీబ్‌లో ఒక విల్లాలో, పక్షవాతంతో మంచం పట్టిన ముసలమ్మను చూసుకోవడం నా డ్యూటీ. ఆమెకు కుడి చెయ్యీ మాటా పడిపోయాయి, కళ్ళు మాత్రం బాగా పనిచేసేవి. ఆ కళ్ళతో ఆమె రోజూ మధ్యాహ్నం చూసేది అమెరికా హంతకుల కార్యక్రమం. మాటలు ఇంగ్లీషులో, కింద అరబ్బీ అక్షరాలు. ఒక్కొక్కడు పదిమందినీ ఇరవైమందినీ వరసగా చంపినవాడు. నేను ఛానల్ మారిస్తే ముసలమ్మ ఎడమ చేత్తో మంచం కోడును కొట్టేది.

నేను చెబుతున్న ఆమె పక్క విల్లాలో పనిచేసే పిల్ల. అప్పుడే వచ్చేది. రాజంపేట వైపు పిల్ల, ఇరవై నాలుగేళ్ళుంటాయి. రెండిళ్ళ యజమానురాళ్ళూ భోంచేసి ఏసీ గదుల్లో నిద్రపోయే వేళ, వెనక గోడ చిన్న గేటు తీసుకుని వచ్చి ముసలమ్మ మంచం పక్కన కూర్చునేది. నేను ఇంగ్లీషు విని తెలుగులో చెప్పేదాన్ని. ముప్పావు భాగం అర్థమయ్యేది, మిగిలిన పావు నేనే కల్పించి వేసేదాన్ని. ఆ పావుకే ఆ పిల్లకు ఎక్కువ భయం. ఒకసారి గ్యాసు బండ తెచ్చినవాడికి తలుపు తియ్యక, ఆ పూట ఇంట్లో వంట ఆగి, తిట్లు తిని వచ్చింది.

"వాని మొగం సూస్తే మీ టీవీలో వాని మాదిరే ఉన్న్యాడుక్కా."

"ఏ టీవీలో వాడే? అందులో ఒక్కడైనా బండలు మోసే రకం ఉన్న్యాడా? అందరూ తెల్లగా, ఇస్త్రీ చొక్కాలేసుకోని, ఇరుగుపొరుగుతో మంచోళ్ళు అనిపించుకున్నోళ్ళే."

"అదే గదా భయం!"

నిజంగానే వాళ్ళందరూ అట్లాంటివాళ్ళే. ఒకడు పండగలకు వీధి పిల్లలకు మిఠాయిలు పంచేవాడట. ఇంకొకడు భార్యాబిడ్డలతో ఆదివారం ప్రార్థనకు పోయి, సోమవారం రోడ్డు మీద ఒంటరిగా నిలబడ్డ అమ్మాయిని కారెక్కించుకునేవాడట. వాళ్ళ జీవితాలను ఎంత శ్రద్ధగా చెప్పేవారో! పుట్టిన ఇల్లు, చదివిన బడి, మూడేళ్ళప్పటి ఫొటో, తల్లి కొట్టిన దెబ్బలు. ఆ దెబ్బల దగ్గర నాకు ఒళ్ళు మండేది. మా ఊళ్ళో తల్లి చేత చీపురుదెబ్బ తినని మగవాడు ఎవడున్నాడు? వాళ్ళందరూ కత్తులు పట్టుకుని తిరుగుతున్నారా? చంపినవాడి కథ గంటసేపు నడిచేది. చచ్చిపోయిన ఆడపిల్లలు మాత్రం వరసగా ఒక ఫొటో, ఇంకో ఫొటో. కొందరికి అదీ లేదు. ఊరూ పేరూ తెలియని ఆడశవాలన్నిటికీ అక్కడ ఒకే పేరు రాస్తారట.

ఆ పిల్ల అడిగేది ఎప్పుడూ వాళ్ళ గురించే.

"ఇందాక సూపించినారే, నీళ్ళ పక్కన దొరికిన పిల్ల, ఆ యమ్మి పేరేందిక్కా?"

"చెప్పలేదే. దొరికేప్పటికి ఎముకలే ఉన్న్యాయంట."

"వాళ్ళమ్మ ఎతకలేదా?"

"ఎతికిందంట. ఇల్లొదిలి తిరిగే రకం, యాడికో పారిపోయింటాది అని పోలీసులు రాసేసినారంట."

"రాసేస్తే ఇంక ఎతకరా?"

"ఎతక్కుండా ఉండేదానికే గదా రాసేది."

ఆమె చీర చెంగుతో ముసలమ్మ నోటి పక్కన కారిన చొంగ తుడిచింది. తన డ్యూటీ కాని పని కూడా అడక్కుండా చేసే మనిషి.

ఇక్కడ మా కాగితాల సంగతి చెప్పాలి. ముప్పై నిండని ఆడవాళ్ళకు ఇంటిపనికి పోవడానికి మన ప్రభుత్వ అనుమతి దొరకదు. అందుకని ఏజెంట్లు వయసు పెంచి, ఒక్కోసారి పేరే మార్చి, ఇంకెవరి రేషన్ కార్డు మీదనో పాస్‌పోర్టు తీయించేవాళ్ళు. మాలో సగం మంది ఇంకొకరి పేర్ల మీద విమానం ఎక్కినవాళ్ళమే. అందుకే మాలో మేము ఊరి పేర్లతో పిలుచుకునేవాళ్ళం. పాస్‌పోర్టు పేరు ఒకరికొకరు చెప్పుకోకూడదన్నది మా కట్టుబాటు. తెలిస్తే ఎప్పుడో ఎవరి ముందో నోరు జారుతుంది, ఇద్దరూ ఇరుక్కుంటారు.

ఆ పిల్లకు అది తెలియదు. కొత్తలో ఒకరోజు నవ్వుకుంటూ వచ్చింది.

"అక్కా, కాగితాల్లో నా పేరేమని ఉండాదో సెప్పనా? ఇంటే పడిపడి నవ్వుతావు."

"సెప్పొద్దు."

"నీకే గదక్కా..."

"నాకూ సెప్పొద్దు, ఆ ముసలమ్మకూ సెప్పొద్దు. ఆ పేరు నీ కడుపులోనే పెట్టుకో. అర్థమయిందా?"

మొహం చిన్నబుచ్చుకుంది. పెద్దదాన్ని, చదువుకున్నదాన్ని, దానికి మంచి బుద్ధి నేర్పానని ఆ పూట నాకు గొప్పగానే ఉంది.

ఆముదం రాసిన మర్నాడు ఆమె రాలేదు. శనివారమూ రాలేదు. ఆదివారం మా ఇంటి డ్రైవరును అడిగాను. మలయాళీ. అందరితో మాట్లాడినట్టే నాతోనూ హిందీలో అన్నాడు.

"వో తో ఖల్లివల్లి హోగయీ, దీదీ."

కఫీలును, అంటే వీసా ఇచ్చిన యజమానిని, వదిలి పారిపోయినవాళ్ళను అక్కడ అందరూ అనే మాట అది. ఆమె పారిపోయిందని పక్కింటి కఫీలు అప్పటికే పోలీసులకు రాసిచ్చేశాడు. గేటు దగ్గర ఆ ఇంటి యజమానురాలు కనిపిస్తే వచ్చీరాని అరబ్బీలో అడిగాను. ఆమె భుజాలెగరేసి లోపలికి పోయింది. వాళ్ళింట్లో ఆ పిల్లను తమకు నోరు తిరిగే ఇంకో పేరుతో పిలుచుకునేవాళ్ళు.

నెలకొకసారి నాకిచ్చే శుక్రవారం వచ్చేదాకా ఆగి, వ్యాను ఎక్కి మస్కట్‌లోని రూవి పోయాను. అక్కడ ఒక టైలరు షాపు మీది గదిలో, శుక్రవారాల్లో మనవాళ్ళ కష్టాలు రాసుకునే మనిషి ఒకాయన ఉన్నాడని విన్నాను. కరీంనగర్ దిక్కువాడు. వారమంతా సైట్‌లో మేస్త్రీ పని, సెలవు రోజు ఈ పని. చేతుల పగుళ్ళలో సిమెంటు ఇంకా ఉంది.

"కూసో అక్కా. ఆ బిడ్డ పేరేంది?"

"రాజంపేట పిల్ల అంటామన్నా."

"గది ఊరాయె. పేరు?"

ఇంటి దగ్గరి పేరు చెప్పాను. పొడుగాటి పుస్తకంలో వేలితో పైనుంచి కిందికి వెతికాడు. "లేదు. పాస్‌పోర్టుల వేరే ఉన్నట్టున్నది. ఏమున్నది?"

"తెలీదన్నా."

"రోజు కలిసి కూసునేటోళ్ళు, ఎన్నడు అడగలేదా?"

టీవీలో పోలీసులను అన్ని మాటలన్నదాన్ని, ఆ పిల్ల చెప్పబోతే నోరు మూయించింది నేనే. ఆయన ఆ కఫీలు నంబరు ఎలాగో సంపాదించి అక్కడికక్కడే ఫోన్ చేశాడు. కాగితాలు పోలీసులకిచ్చేశాం, మాకేం సంబంధం లేదు అని అవతల పెట్టేశారు. అప్పుడాయన పుస్తకంలో ఇంకో పేజీ తీశాడు.

"మీ దిక్కు ఆడోళ్ళు, గీ నెలల జైళ్ళ, దవాఖానల ఉన్నోళ్ళు ఏడుగురున్నరు. పేర్లు సదువుత. ఏదన్న యాదికొస్తదేమో సూడు."

చదివాడు. అన్నీ ముసలివాళ్ళ పేర్లు, ఏజెంట్లు వయసుకు తగ్గట్టు వెతికి పెట్టినవి. ఒక్కొక్క పేరుకూ ఆ పిల్ల ముఖం తగిలించి చూశాను. ఏదీ అతకలేదు. ఏదీ కాదని చెప్పడానికీ వీల్లేదు.

"పోనీ, ఏడుగుర్ని నేనే పోయి సూసొస్త," అన్నాడాయన. "కని ఎవరు అడిగిన్రో రాయాలె. నీ పేరు, నీ కఫీలు పేరు చెప్పు."

నా పాస్‌పోర్టులోదీ నా పేరు కాదు. అంతకుముందు కువైట్ నుంచి వేలిముద్రలు తీసుకుని వెనక్కి పంపేస్తే, ఇంకో పాస్‌పోర్టుతో ఒమాన్ చేరినదాన్ని. నా పేరు ఆ పుస్తకంలోకి ఎక్కితే ఎక్కడిదాకా పోతుందో అని తలుపు వైపు చూశాను.

"భయపడకు అక్కా, నేను పోలీసోణ్ణి గాను."

"వచ్చే నెల వస్తానన్నా," అని లేచాను.

పోలేదు. ఆ నెలా పోలేదు, ఆ తర్వాతా పోలేదు. ముసలమ్మ టీవీ మధ్యాహ్నాలు మామూలుగానే నడిచాయి. ఇంగ్లీషును తెలుగు చేసి చెప్పడానికి ఎవరూ లేరు కనుక నేను వినడం మానేశాను.

ఇంటికి వచ్చేశాక రాజంపేట వైపు వాళ్ళ ఊరు వెతుక్కుంటూ పోయాను. తల్లి అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. కాగితాలన్నీ ఏజెంటే చూసుకున్నాడని, ఏ పేరు పెట్టాడో తమకు చెప్పలేదని, వాడిప్పుడు ఊళ్ళోనే లేడని చెప్పింది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

"ఆడ ఎవరినన్నా అడిగినావా తల్లీ?"

"అడిగినానమ్మా," అన్నాను.

అబద్ధం కాదు. కానీ అడిగి, మధ్యలో లేచి వచ్చానని చెప్పలేదు. ఎవరితోనూ చెప్పలేదు. పెళ్ళిళ్ళలో నూనె తల గురించి అంత గట్టిగా వాదిస్తానే గానీ, రూవి గది మాట ఎత్తను.

టైలరు షాపు మీది గదిలో ఆ మేస్త్రీ ఇంకా ఉన్నాడో లేడో నాకు తెలియదు. ఉంటే ఆయన్ను అడగాల్సింది ఒక్కటే. నేను మెట్లు దిగి వెళ్ళిపోయాక, అడిగినవాళ్ళ పేరు లేకపోయినా ఆ ఏడుగురినీ పోయి చూశావా అన్నా, పుస్తకం మూసేశావా?