మా గని జట్టు, నా ఇత్తడి గంట

బెల్లంపల్లిలో మా గని ఫుట్‌బాల్ జట్టు ఓడిపోయిన ఆదివారాల్లో మా ఇంట్లో కూర రుచిగా ఉండేది కాదు. వండేది నా భార్యే, ఆమె చేతిలో ఏ లోపమూ లేదు. తినేవాడి నోరే చేదెక్కి ఉండేది. "ఉప్పు తక్కువైంది" అని నేను మొదలుపెట్టగానే ఆమె నవ్వి, "ఎన్ని గోల్లతోటి ఓడిన్రు?" అని అడిగేది. రెండేళ్లపాటు దాదాపు ప్రతి ఆదివారం ఉప్పు తక్కువయ్యేది.

హైదరాబాదు స్టేటు పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తలో, వేములవాడ పక్కనున్న పల్లె నుంచి వెళ్లి నేను ఆ గనిలో లాంప్ రూములో చేరాను. లోపలికి దిగేవాళ్లకు టోపీ దీపాలు ఇవ్వడం, వాళ్లు పైకి వచ్చాక తీసుకుని బ్యాటరీలు చార్జింగుకు పెట్టడం నా పని. గనికి అంత దగ్గరగా ఉండి కూడా లోపలికి మాత్రం ఒక్క అడుగు వేయలేదు. బయలుదేరేటప్పుడు మా అవ్వ "బిడ్డా, నువ్వు భూమిలకు దిగద్దు" అని నా చేత ఒట్టు వేయించుకుంది. నిజం చెప్పాలంటే నాకు చీకటంటే భయం, అందుకని ఆ ఒట్టు నాకు బాగా కలిసొచ్చింది.

ఫుట్‌బాల్ పిచ్చి మొదటి ఆదివారమే పట్టుకుంది. మిగతా జట్లలో ఆఫీసు గుమాస్తాలు, వర్క్‌షాపు వాళ్లు, ఆసుపత్రి కాంపౌండర్లు ఉండేవారు. మా జట్టులో పదకొండు మందీ గనిలో టబ్బులు, అంటే పట్టాల మీది బొగ్గు బండ్లు, నడిపేవాళ్లే. వాళ్ల కెప్టెన్ నాకంటే పదేళ్లు పెద్ద, టబ్బుల గుంపుకు మేస్త్రీ. తన కింద పనిచేసేవాళ్లనే ఏరి జట్టు కట్టుకున్నాడు. మోకాళ్లు బండల్లా ఉండేవి, బంతి తీసుకుని కదిలితే అవతలివాళ్లు పక్కకు తప్పుకునేవారు. నేను చేరకముందు ఏడాది కప్పు ఆఖరి ఆట దాకా వెళ్లిన జట్టట. నేను చూడటం మొదలుపెట్టిన ఏడాది నుంచే వాళ్లకు శని పట్టింది. నాకంటే దురదృష్టవంతుడు ఎవడుంటాడని నా మీద నేనే జాలిపడేవాణ్ణి.

ఇక గంట సంగతి. ఉత్త చప్పట్లు నా అభిమానానికి చాలలేదు. వర్క్‌షాపు వెనక పాత సామాను కుప్పలో, పళ్లెమంత వెడల్పున్న ఇత్తడి గంట ఒకటి దొరికింది. స్టోరు కీపర్ని అడిగితే "తీస్కపో" అన్నాడు. అది ఎక్కడ మోగేదో, ఎందుకు మోగేదో నేను అడగలేదు. చిన్న సుత్తితో కొడితే ఖంగుమని రైలుస్టేషన్ దాకా వినిపించేది, నాకు అంతే కావాలి. మా వైపు రాజన్న గుడిలోకి వెళ్లేవాడు గంట ఒక్కసారి కొట్టి లోపలికి అడుగుపెడతాడు. నేనూ అదే పద్ధతి పెట్టుకున్నాను. మావాళ్లు బంతితో అవతలి గోలు ముందుకు చేరగానే ఒక్కటంటే ఒక్కటే దెబ్బ, బలంకొద్దీ.

అంతే, బంతి పక్కకు పోయేది. లేదా ఎవడో అవతలివాడు కాలు అడ్డం పెట్టి లాక్కుపోయేవాడు. మావాళ్లు గోలు ముందర కొయ్యల్లా నిలబడి చూసేవారు. నాకు ఒళ్లు మండిపోయేది. అంత దూరం ఉరికి, అందరినీ దాటి, తలుపు తెరిచి ఉన్న ఇంటి ముందు నిలబడిపోతే ఎవరికి మండదు? మొదట్లో మైదానం చుట్టూ జనం కిక్కిరిసి ఉండేవారు. ఓటములు పెరిగేకొద్దీ పలచబడ్డారు. రెండో ఏడాదికి మిగిలింది నేనూ, నా భార్యా, గడ్డి మేయడానికి వచ్చే నాలుగు మేకలూ.

సోమవారం పొద్దున లాంప్ రూము కిటికీ దగ్గర నా కసి తీర్చుకునేవాణ్ణి. కెప్టెన్ దీపానికి చెయ్యి చాపగానే, "ఇగో దీపం. దీంతోనన్న గోలు కనబడుతదేమో చూడు" అనేవాణ్ణి. వెనక వరుసలో ఉన్నవాళ్లు నవ్వేవారు. అతనూ నవ్వి, "ఏం జేద్దుం తమ్మీ, కాళ్లు మా మాట ఇంటలేవు" అని దీపం టోపీకి తగిలించుకుని దిగిపోయేవాడు. ఒక్కనాడు కూడా ఎదురు మాట అనలేదు. ఆ ఓపిక చూసి నాకు ఇంకా కోపం వచ్చేది.

దసరాకు మా బామ్మర్ది వచ్చేవాడు. కాగజ్‌నగర్‌లో కాగితం మిల్లు జట్టుకు అతను గోల్‌కీపర్. బావను ఆటపట్టించడానికి అతనికి ఇంతకంటే మంచి సరుకు దొరుకుతుందా? "బావా, మీవోళ్లకు నేనంటే మస్తు భక్తి. నా ముంగటికి రాంగనే దండం పెట్టినట్టు నిలబడుతుండ్రు. గంట గూడ నువ్వే కొడుతుంటివి, జర కొబ్బరికాయ గూడ తెచ్చుకో" అనేవాడు. నా భార్య నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయేది. నేను బూరెలు ముందర పెట్టుకుని ముఖం ముడుచుకుని కూర్చునేవాణ్ణి.

ఆ ఏడు చలికాలంలో మేనేజర్ సాబ్ కబురు పంపాడు. వచ్చే ఆదివారం కాగజ్‌నగర్ జట్టుతో మా మైదానంలో ఆట ఉంది. అది కూడా ఓడితే జట్టు రద్దు. గనిలో పైకప్పుకు ఆసరా పెట్టే దుంగలకు చోటు చాలడం లేదు కాబట్టి, మైదానంలో దుంగలు పేరుస్తారు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. చూసేవాడే లేని ఆటకు అంత నేల ఎందుకు? కానీ ఎంత తిట్టుకున్నా వారమంతా నేను ఎదురుచూసేది ఆదివారం సాయంత్రం కోసమే. ఊరూ మనుషులూ కొత్తయిన చోట నన్ను తమవాడనిపించింది ఆ మైదానమే.

ఆటకు ముందు రోజు, శనివారం, లోపల దీపాలు మాటిమాటికి ఆరిపోతున్నాయని ఫిర్యాదు వచ్చింది. ఎవరో ఒకరు దిగి చూడాలి. నాతో పనిచేసేవాడు జ్వరంతో ఇంట్లో ఉన్నాడు. మా అవ్వకు మనసులోనే దండం పెట్టుకుని, మొదటిసారి దిగాను.

వాలుదారి పొడుగునా పట్టాలు, వాటి మధ్య ఇనుపతాడు. పైనున్న ఇంజను ఆ తాడుతో టబ్బులను లాగుతుంది. మా జట్టంతా అక్కడే ఉంది. ఒకడు టబ్బుకు కొక్కెం తగిలిస్తున్నాడు, ఇద్దరు వెనక నుంచి నెడుతున్నారు, పక్కన గోడలో మనిషి పట్టేటంత గూటిలో కూర్చుని ఒకడు జొన్నరొట్టె తుంచుకుంటున్నాడు. కెప్టెన్ పట్టా దాటడానికి కాలు ఎత్తాడు. అంతలో గంట మోగింది, ఒక్క దెబ్బ.

నా గంట. అదే ఖంగు.

తాడు ఆగింది. మనుషులూ ఆగారు. కొక్కెం పట్టుకున్న చెయ్యి అక్కడే ఉంది, రొట్టె ముక్క నోటి దాకా వెళ్లి నిలిచింది, కెప్టెన్ ఎత్తిన కాలు గాలిలోనే ఉంది. ఎవడూ రెప్ప వేయలేదు. కాసేపటికి గంట మూడుసార్లు మోగింది. అందరూ ఒక్క ఊపున భుజాలు టబ్బుకు ఆనించి ముందుకు తోశారు, బండి పైకి కదిలింది.

లోపలి పనులు చూసే సర్దారు ఒకడు నాతో వచ్చాడు. అతను, "ఒకటంటే ఆపు. రెండంటే కిందికి ఇడువు. మూడంటే పైకి గుంజు. ఒకటి మోగినంక కదిలిండంటే కాలు పోతది. గందుకే నిద్రల కొట్టినా ఆగుతరు" అన్నాడు. పాత సామానులో నాకు దొరికింది ఇలాంటి గంటే. రెండేళ్లుగా నా జట్టును గోలు ముందర ఆపుతున్నది నేనే. శని నేనే. తిట్టిందీ నేనే.

ఇంటికి వచ్చి, ముఖానికి అంటిన బొగ్గు కూడా కడుక్కోకుండా నా భార్యకు చెప్పాను. ఆమె ఓదారుస్తుందనుకున్నాను. ముందు నోరు తెరిచి చూసింది, తర్వాత నవ్వు మొదలుపెట్టింది. గోడకు ఆనుకుని, కిందికి జారి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "నవ్వెందుకే? రేపు నేను పోను. గంటను బావిల పడేస్త" అని అరిచాను.

ఆమె కళ్లు తుడుచుకుంది. "ఏందయ్యా గంత పరేషాన్? ఒకటి కొడితే ఆగుతరని తెలిసె. మూడు కొడితే ఏంజేస్తరో గూడ తెలిసె. ఇంకేం గావాలె?" అంది.

ఆదివారం పొద్దున వాకిట్లో కూర్చుని, గంటను చింతపండుతో తోమడం మొదలుపెట్టింది. అంతలో కెప్టెన్ మా ఇంటికి వచ్చాడు. ఎప్పుడూ రానివాడు. ఆమె చేతిలోని గంటను చూశాడు, నన్ను చూశాడు. ఏదో అనబోయి, "ఊకెనే వచ్చిన తమ్మీ" అని తిరిగి వెళ్లిపోయాడు. ఇదే ఆఖరి ఆట అని దిగులు పడుతున్నాడనుకున్నాను. సిగ్గుతో అతని ముఖం సరిగా చూడలేకపోయాను.

జట్టు రద్దవుతుందన్న కబురు విని ఆ సాయంత్రం కాలనీ అంతా మైదానానికి వచ్చింది. నేను గంటను తువ్వాలలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. మొదటి సగమంతా బయటికి తీయలేదు. మూడు కొడితే ఇంకేమైనా అవుతుందేమోనని భయం. మావాళ్లు గంట లేకపోయినా గోలు ముందుకు వెళ్లగానే చెవులు రిక్కించినట్టు తలలు తిప్పి చూస్తున్నారు. అలవాటు అంత పాడుది. ఈలోగా కాగజ్‌నగర్ వాళ్లు ఒక గోలు కొట్టారు. దూరం నుంచి మా బామ్మర్ది నాకు రెండు చేతులెత్తి దండం పెట్టాడు.

రెండో సగంలో కెప్టెన్ బంతి తీసుకుని కదిలాడు. నా భార్య తువ్వాల లాగేసి గంట నా ముందు పెట్టింది. "కొడుతవా, నన్ను కొట్టుమంటవా?" అంది. సుత్తి ఎత్తాను. ఖంగ్, ఖంగ్, ఖంగ్.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. మావాళ్లు పదకొండు మందీ భుజాలు వంచి ఒక్కసారిగా ముందుకు ఉరికారు. పదకొండు మంది అంటే నిజంగా పదకొండు మంది, మా గోల్‌కీపర్ కూడా తన గోలు వదిలేసి ఆ కొస నుంచి ఈ కొసకు పరుగు పెట్టాడు. టబ్బు కదులుతోంది, తోయకుండా ఎలా ఉంటాడు పాపం! ఎదురుగా వస్తున్న ఆ గుంపును చూసి మా బామ్మర్ది బంతి సంగతి మరిచి పక్కకు గెంతాడు. బంతీ, కెప్టెనూ, వెనక ఇద్దరు ముగ్గురూ కలిసి గోలులోకి వెళ్లారు. రిఫరీకి ఈల ఊదాలో నవ్వాలో తెలియలేదు, చివరికి గోలు ఇచ్చాడు.

ఆట ముగిసేలోపు ఇంకోసారి మూడు కొట్టాను. మా బామ్మర్ది ఈసారి ధైర్యంగానే నిలబడ్డాడు, కానీ బంతి అతని కాళ్ల మధ్య నుంచి వెళ్లింది. గెలిచాం. కాలనీ జనం మైదానంలోకి ఉరికారు, మేకలు బెదిరి పారిపోయాయి. మేనేజర్ సాబ్ లేచి నిలబడి చప్పట్లు కొట్టి, దుంగలకు ఇంకో చోటు చూస్తామన్నాడు. నేను పక్కవాడెవడో తెలియకుండానే కావలించుకున్నాను.

కానీ నా తప్పు ఇంకా నాలోనే ఉంది. అది కక్కేయకపోతే ఆ గెలుపు నాది కాదనిపించింది. జనం తగ్గాక కెప్టెన్ దగ్గరికి వెళ్లి, "అన్నా, రెండేండ్లు మిమ్ములను ఓడగొట్టింది నేనే. నిన్న లోపలికి దిగినంకనే నాకు తెలిసింది" అని చేతులు పట్టుకున్నాను.

అతను నా వైపు చూసి తన మామూలు నవ్వు నవ్వాడు. "మాకు మొదటి ఆటనాడే తెలుసు తమ్మీ."

"తెలిసి చెప్పలేదా?"

"ఇయ్యాల పొద్దున చెప్పుదామనే మీ ఇంటికి వచ్చిన. మైదానం పోతదాయె, ఇగ చెప్పక తప్పదనుకున్న. వాకిట్ల చెల్లె గంట తోముతుండె. నోరు రాలే. చెప్తే నీకు సిగ్గయితది, మళ్ల రావు. అందరు పోయిన్రు, మా కోసం వచ్చేటోళ్లు మీరిద్దరే మిగిలిన్రు. ఓడినా సరే, మీరు రావాలె అనుకున్నం. మూడు కొట్టుమనాలన్న తెలివి మాకెవ్వలికి రాకపాయె."

అక్కడే, జట్టు వాళ్లందరి ముందర, నాకు ఏడుపు వచ్చేసింది. రెండేళ్లు సోమవారం సోమవారం కిటికీలో నుంచి నేనన్న మాటలన్నీ గుర్తొచ్చాయి. తువ్వాలతో ముఖం తుడుచుకున్నాను. అది గంటకు చుట్టిన తువ్వాల, ముఖమంతా చింతపండు పులుపు అంటింది.

నా భార్య, "అన్నా, అందరు ఇంటికి రాండ్రి. కూర జేసిన" అని పిలిచింది. పదకొండు మందీ వచ్చారు, ఓడిన మా బామ్మర్ది కూడా వచ్చాడు. మా రెండు గదుల్లో చాలక వాకిట్లో కూడా విస్తళ్లు వేశాం. అందరూ ఉప్పు సరిగ్గా ఉందన్నారు. నాకు తెలియదు, వాళ్లకు వడ్డించే సంబరంలో నేను తినడం మరిచిపోయాను.