బెల్లం లైనర్ కాక

పోయిన నెలాఖర్ల ఒక బేస్తారం పొద్దుగాల కాక పోయిండని ఫోన్ వచ్చింది. చేసింది కాక పెండ్లాం, చిన్నమ్మే. ఏడ్వలే, కేక పెట్టలే. "బిడ్డా, మీ కాక ఊపిరి ఆగింది. జర వత్తవా?" అన్నది, అంతే. నేను ఉరికి వ్యానెక్కిన. చెప్పులేసుకోవడం మర్చిపోయిన. ఉత్త పాదాల కింద బండి అడుగు గరుకుగ తగిలింది. కాక పూసిన గరుకు. అప్పుడొచ్చింది నాకు ఏడుపు.

కాక అంటే మా నాయిన తమ్ముడేం కాదు. పరకాల రోడ్డు మీద ఒక రేకుల షెడ్డుల బండ్ల తుప్పు గీకి, నల్ల పూత పూసేటోడు. నేను హనుమకొండల బడి పిల్లల వ్యాను నడుపుత. మా ఇద్దరికీ చుట్టరికం తుప్పుతోనే కలిసింది.

ఆ నల్ల పూత సంగతి తెల్వనోళ్లకు చెప్పాలె. సరుకు మోసే ట్రాలీ బండ్లుంటయ్ కదా, వాటి వెనక తొట్టికి ఒక మందు పూత్తరు. రాళ్లు పడ్డా గీత పడది, నీళ్లు నిలిచినా తుప్పు పట్టది. ఆరినంక పిల్లి నాలుక లెక్క గరుకుగ ఉంటది. డబ్బా మీద బెడ్ లైనర్ అని రాసి ఉంటది. కాక దాన్ని జీవితంల ఒక్కసారన్న గట్ల పిలువలే. బెల్లం లైనర్ అనేటోడు. నేను దిద్దబోతే, "పేరు ఏదైతేంది బిడ్డా, పాకమైతే పాకమే కదా!" అనేటోడు. నిజమే. రెండు డబ్బాల మందు కలిపినంక అది అచ్చం అరిసెల పాకమే. తీగ సాగుడు, ముదురుడు, చెయ్యి జరసేపు ఆగితే గడ్డకట్టుడు, అంతా గదే తీరు.

కాకను నేను మొదటిసారి చూసి నాలుగేండ్లయితాంది. అప్పటికి నెలన్నర కింద, బడికి ఎండకాలం సెలవులిచ్చే రోజు, వ్యానుల వెనక కూసున్న ఒకటో తరగతి పిల్ల, "ఆంటీ, ఇక్కడ రోడ్డు ఉరుకుతాంది!" అన్నది. పిల్లల మాటలే అనుకున్న. అద్దంల చూత్తే పిల్లలందరు కింది దిక్కు తలలు వంచి, పల్లికాయల పొట్టు ఒక్కొక్కటే జారవిడుత్తాన్రు. బండి పక్కకు ఆపి, మూలకు చినిగిన చాప ఎత్తిన. అడుగు రేకు తుప్పు తిని, అరచేయంత బొక్క పడ్డది. కింద తారురోడ్డు. నా గుండె జారి ఆ బొక్కలనే పడ్డట్టయింది. ఆ పిల్ల మాత్రం బండి ఎందుకు ఆపిన అన్నట్టు నన్ను కోపంగ చూసింది. పాపం, దాని సినిమా ఆగిపోయింది మరి.

పైసలు కూడేసరికి సెలవులు అయిపోవచ్చినయ్. ఇద్దరు మెకానిక్కులకు చూపిచ్చిన. పైనుంచి రేకు కొట్టి నల్లరంగు పూత్తం, ఒక్కరోజు పని అన్నరు ఇద్దరూ. మూడోది కాక షెడ్డు. కాక బండిని చూడనే లేదు, నన్ను చూసిండు. "చాప ఎత్తి చూసి ఎన్నొద్దులైంది?"

"మొన్నటిది ఇడిచిపెడితే రెండేండ్లు" అన్న.

"చాప కింద నీళ్లనేది మందికి సామెత బిడ్డా. నాకు గదే పని" అనుకుంట లోపలికి వంగిండు. కుండ కొనేటప్పుడు కొట్టి చూసినట్టు వేళ్ల గణుపులతోని అడుగంతా కొట్టుకుంట, చెవి దగ్గరపెట్టి విన్నడు. ఠంగుమంటే ముందుకు పోయిండు. మొద్దుగ మోగిన కాడల్లా సుద్దముక్కతోని ముగ్గు చుక్క పెట్టిండు. చూత్తుండంగనే నా బండి అడుగు సంక్రాంతి వాకిలైంది. "వారం పడ్తది" అన్నడు.

"వారమా! ఆరొద్దులల్ల బడి తెరుత్తరు. మొదటి రోజు బండి రాకపోతే తల్లిదండ్రులు ఇంకో వ్యాను మాట్లాడుకుంటరు. నా బతుకే ఈ బండి కాకా!"

"గందుకే వారం అంటాన. పుండు మీద పట్టుబట్ట కప్పుమంటవా? కప్పుత. పిల్లల కాళ్లు ఎక్కడ పెట్టుమంటవ్ మరి?"

నా నోరు చిన్నదేం కాదు. హనుమకొండ చౌరస్తాల ఆటోవాళ్లతోని రోజూ పెట్టుకునే నోరు. ఆ రోజు కాకతోని గడియసేపు లొల్లి పెట్టుకున్న. ఆయన బీడీ కాల్చుకుంట ఓపిగ్గ విని, "నువ్వు గూడ చెయ్యి పెట్టు. ఐదొద్దులల్ల ఇచ్చేత్త" అన్నడు. అట్ల నేను తుప్పు పనిల చేరిన.

ఆ ఐదొద్దులు ఇప్పుడు కలల వచ్చినట్టే అనిపిత్తయ్. సీట్లన్నీ తీసేత్తే వ్యాను ఖాళీ చేసిన కిరాయి ఇల్లు లెక్క అయింది. మాట్లాడుతే మాట తిరిగి మనకే వినవడేది. కూసొని ఇనుప బ్రష్‌తోని గీకుతుంటే ఎర్రటి దుమ్ము లేచి, రేకుల సందులల్లకెళ్లి వచ్చే ఎండల నెమ్మదిగ తేలేది. కాక తుప్పు తిన్న రేకు కోసేసి కొత్త రేకు అతికిండు. పూత గట్టిగ పట్టేటందుకు ముందుగాల ప్రైమర్ కొట్టిండు. అప్పుడు చిన్నమ్మ ఇంట్లకెళ్లి ఒక చిన్న పొట్లం తెచ్చి ఇచ్చింది. విప్పితే దీపం వత్తులు.

"పూజ చేత్తవా కాకా, బండికి?"

"ముక్కులకు బిడ్డా."

బండి అడుగుకు కంపెనోళ్లే చిన్న చిన్న బొక్కలు పెట్టి పంపుతరట, లోపలికి వచ్చిన నీళ్లు కారిపోనీకి. నా బండికి ఏడు బొక్కలున్నయ్. కాక వాటిని ముక్కులంటడు. పాకం పూసేటప్పుడు అవి మూసుకపోతే పైన ఎంత మంచి పూత ఉన్నా నీళ్లు లోపల్నే నిలిచి రేకును మళ్లా తింటయ్. గందుకని ఒక్కో ముక్కుల ఒక్కో వత్తి, కిందికి తోక వేలాడేటట్టు. పాకం సగం ఆరినంక తోక పట్టి గుంజుతే ముక్కు తెరుచుకుంటది. ఆ వత్తులు చిన్నమ్మ తొడ మీద తిప్పి చేసినయ్. దేవునికి చేసేటప్పుడే బండ్లకు గూడ చేసేది.

వత్తులు పెట్టకముందు, మిట్టమధ్యాహ్నం, కాక బండి కింద గోనెసంచి పరుచుకొని పండుకున్నడు. నిద్ర పోయిండనుకున్న. "నువ్వు గూడ రా, ఇటు చూడు" అన్నడు. సిగ్గుపడుకుంటనే దూరిన. పైన అంతా చీకటి. ఆ చీకట్ల ఏడు వెలుగులు, బియ్యపు గింజంత ఒకటి, బటానంత ఒకటి. ఒక దాంట్లకెళ్లి దుమ్ము తిరుక్కుంట దిగుతాంది. కింద నేల చల్లగ ఉండె. ఎంతసేపు చూసినమో తెల్వది. "ఇంత వెలుగు పోతే సాలు బిడ్డా, నీళ్లు పోతయ్" అన్నడు కాక.

మందు కలిపే రోజు నాకు మాస్కు, కండ్లద్దాలు పెట్టిచ్చి, గుమ్మం దిక్కు కూసోబెట్టిండు. తనకేం లేవు. అడుగుతే, "నా తిత్తులకు ఎప్పుడో కోటింగ్ అయింది. ఇగ తుప్పు పట్టయ్" అన్నడు. నేను పడీపడీ నవ్విన. ఆ నవ్వు యాదికొత్తే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిత్తది. కాక మీద గూడ కోపమే. బండి ముక్కుల గురించి అంత ఫికర్ చేసే మనిషికి, తన ముక్కుకు ఒక దస్తీ కట్టుకొనుడు ఎందుకు చేతగాలే?

ఇగ నేను చేసిన తప్పు చెప్పాలె. చివరి రోజు, వెనక మూల నేనే పూత్తాన. పాకం ముదురుతాంది. బ్రష్‌కు అంటుకొని ఒక వత్తి ఊడొచ్చింది. కాకకు చెప్తే అదంతా గీకి మళ్లా మొదటినుంచి చేద్దామంటడు. తెల్లారితే బడి. వత్తిని జేబుల ఏసుకున్న. ముక్కు మీదికెళ్లి మందంగ పూసేసిన. సాయంత్రం కాక తోకలు పట్టి వత్తులన్నీ గుంజి, అరచేతుల పెట్టుకొని చూసుకొని, ఏమనకుంట తాళంచెవి నా చేతుల పెట్టిండు.

నెలన్నర గడిచింది. ముసురు పట్టి మూడొద్దులు వాన. పిల్లల గొడుగులు, బూట్లు, అన్నీ నీళ్లే. వెనక మూలకు నీళ్లు నిలిచి వాసన కొట్టింది. దొంగ మొఖం పెట్టుకొని షెడ్డుకు పోయిన. కాక లేచి నిలబడకుంటనే చెయ్యి చాపిండు.

"ఏది, ఏడో వత్తి తే."

డ్యాష్‌బోర్డు పెట్టెల దాచిన వత్తి తీసి ఇచ్చిన. "అప్పుడే ఎరుకనా కాకా?"

"ఆరే వచ్చినయ్ కదా. నీ నోటితోని వత్తదేమో అని చూసిన. వాన వచ్చేదాంక ఆగితివి!" అని నల్లబడ్డ వత్తిని బీడీ లెక్క చెవి మీద పెట్టుకొని, డ్రిల్లు తీసుకొని లేచిండు. అంతే. మళ్లా ఎన్నడూ ఆ మాట ఎత్తలే. తిట్టినా బాగుండు అనిపించింది నాకు.

ఆ వానాకాలం బండి ఆగినప్పుడల్లా అడుగుకెళ్లి నీళ్లు కారుతుంటే పిల్లలు దిగి చూసి, "ఆంటీ, బండికి ముక్కు కారుతాంది!" అని ఎగిరేటోళ్లు. కాకకు చెప్పిన. నవ్వి నవ్వి దగ్గు పట్టుకున్నది. ఆ దగ్గు మళ్లా తగ్గలే.

మొన్న ఎండలల్ల దవాఖానల చూసిన. ముక్కుకు గొట్టం. నన్ను చూడంగనే మంచం ఇనుప పట్టెను వేళ్ల గణుపులతోని కొట్టి, తల వంచి విని, "లోపల తుప్పున్నది. చెప్పు వాళ్లకు" అన్నడు. తర్వాత జరసేపు ఊపిరి కూడదీసుకొని, "సెలవులల్ల తీసుకరా బండిని. నాలుగేండ్లాయె. ఇంకో చెయ్యి పడాలె" అన్నడు. తీసుకొత్త అన్న. తీసుకపోయేసరికి కాక లేడు.

పదకొండొద్దులు అయినంక చిన్నమ్మ దగ్గరికి పోయిన. కాక ఫోటో ముందట దీపం వెలుగుతాంది. పక్కకు పళ్లెంల వత్తులు. "చెయ్యికి అలవాటైంది బిడ్డా. దీపానికని కూసుంటే ఇవి గూడ అయినయ్" అన్నది. లెక్కపెట్టిన. ఏడు. "ఇవి బండివి" అన్నది చిన్నమ్మ, అది అందరికీ తెలిసిన మాటే అయినట్టు.

బడి తెరవడానికి ఇంకా నాలుగొద్దులున్నయ్. షెడ్డు తాళం తీసినం. కాక చేసినట్టే కొట్టి విన్న, సుద్ద చుక్కలు పెట్టిన, గీకిన, బండి ముక్కులల్ల వత్తులు పెట్టిన. ఇద్దరం మా ముక్కులకు దస్తీలు గట్టిగ కట్టుకున్నం. మందు కలుపుతుంటే చిన్నమ్మ, "పాకం వచ్చింది, ఇగ ఆగకు" అన్నది. ఈసారి వెనక మూలనే ముందుగాల పూసిన.

ఈ పొద్దుగాల కాక గోనెసంచి పరుచుకొని బండి కింద పండుకున్న. ఒక్కో తోక పట్టి గుంజిన. గుంజినకొద్ది ఒక్కో వెలుగు దిగింది. ఏడు వత్తులూ అరచేతుల పెట్టుకొని లెక్కపెట్టుకున్న. పైనుంచి చిన్నమ్మ చెంబుతోని నీళ్లు పోసింది. ఒక ముక్కుకెళ్లి కారినయ్, పక్కదానికెళ్లి, దాని పక్కదానికెళ్లి. వెనక మూలది మాత్రం రాలే. దాని కిందికి జరిగి, ఊపిరి బిగబట్టి చూత్తాన. ఆ చిన్న వెలుగుల ఒక బొట్టు నిండుతాంది, వణుకుతాంది.

"పడ్డదా బిడ్డా?" చిన్నమ్మ పైనుంచి అడిగింది.

పడ్డది, నా చెంప మీద. తుడుసుకోలే.