అత్త చేతుల మీదికి నెట్టిన మంట

నా కూతురి తొడ మీద రూపాయి బిళ్లంత మచ్చ ఒకటి ఉంది. అది ఎలా వచ్చిందో మా ఇంట్లో అందరికీ తెలుసు. చుట్టాలకూ తెలుసు. వాళ్లకు తెలిసింది నిజం కాదు. ఐదేళ్లుగా అసలు నిజాన్ని గొంతులో పెట్టుకునే తింటున్నాను, నవ్వుతున్నాను, పిల్లలకు జోల పాడుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. పేరు మాత్రం అడగకండి.

నేను సివిల్ ఇంజనీరింగ్ చదివాను. పెళ్లయి బుక్కరాయసముద్రం వచ్చాక ఉద్యోగానికి పోలేదు. అనంతపురంలో ఇళ్లు కట్టి అమ్మేవాళ్లకు నమూనా ఇళ్లు చేసిస్తాను. కట్టబోయే ఇంటిని నూరో వంతుకు తగ్గించి, ప్లాస్టిక్ రేకులు కోసి, బల్ల మీద పట్టేలా చేయాలి. ఈ పనిలో కష్టమంతా సూపర్‌గ్లూ దగ్గరే. సీసాతో నేరుగా వేయకూడదు. ఒక చుక్కను మూతలో పోసుకుని, అందులోంచి ఆవగింజలో సగమంత సూదిమొనతో ఎత్తి, రెండు గోడలు కలిసే సందుకు తాకించాలి. మిగతాది జిగురే చూసుకుంటుంది, సందు పొడుగునా పాకిపోతుంది. ఏమాత్రం ఎక్కువైనా కిటికీ అద్దాల మీద తెల్లటి మసక కమ్ముతుంది. అది గట్టిపడాలంటే గాలిలో తడి ఉండాలి. మా ఎండాకాలంలో తడి ఎక్కడిది? అందుకని అతికించిన చోట నోరు తెరిచి మెల్లగా ఊపిరి వదులుతాను.

మా అత్తకు అది చూస్తే నవ్వు. “ఏమ్మే, ఆ బొమ్మిండ్లకు ప్రాణం పోస్తాండావా? లేచి నడుస్తాయా ఏమి?” అనేది. పాపను పుట్టినప్పటి నుంచి పెంచింది ఆమే. నీళ్లు పోయడం, సాంబ్రాణి వేయడం, నిద్రపుచ్చడం అన్నీ ఆమే. నాకు పని చేసుకునే తీరిక ఆమె చేతుల వల్లే దొరికింది. ఇది గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

ఆ రోజు మర్నాటికి నమూనా ఇవ్వాలి. పాపకు ఏడాదిన్నర. జ్వరం తగ్గి చిరాకుగా ఉంది, కిందికి దిగనంటోంది. ఒళ్లో కూర్చోబెట్టుకునే పని చేస్తున్నాను. ఒళ్లో బిడ్డ, చేతిలో ఆ జిగురు. సందె వేళ అత్త వచ్చి, నూనెలో ముంచిన గుడ్డ వత్తి వెలిగించి, పాప చుట్టూ తిప్పి దిష్టి తీసింది. వత్తి చిటపటలాడింది.

“చూడు, ఎంత దిష్టి ఉండాదో! ఇంగ అది పక్కన పెట్టి బిడ్డను పండుకోబెట్టు మే.”

“ఒక్క గోడ ఉండాది అత్తా. అయిపోతాది.”

“నీ గోడలు ఎప్పుడు అయిపోయినాయి లే!” అంటూ వత్తిని పారేయడానికి వాకిట్లోకి పోయింది.

సూది ఎందుకని సీసానే వంచాను. దాని మూతి ఎండి మూసుకుపోయింది. గట్టిగా నొక్కాను. ఒక్కసారిగా చిమ్మి పాప నూలు నిక్కరు మీద పడింది. నూలుబట్ట మీద ఈ జిగురు పడితే సెగ పుడుతుందని నాకు తెలుసు. కాలేజీలో దూదితో తుడవబోయిన అమ్మాయి వేళ్లు బొబ్బలెక్కడం కళ్లారా చూసినదాన్ని. సన్నగా పొగ లేచింది. పాప కేక పెట్టింది. నిక్కరు లాగేశాను. దాంతో చర్మం కూడా వచ్చింది.

అత్త పరుగెత్తుకొచ్చింది.

“ఏమైనాదే? కాలినాదా? యాడ? అయ్యో దేవుడా, నా వత్తిలో రవ్వ పడినాదేమో!”

“పడినాదేమో అత్తా.”

అంతే అన్నాను. ఆ ‘ఏమో’ను ఎన్ని రకాలుగా వాడుకున్నానో! నేను ఆమె మీద నేరం మోపలేదు కదా, ఆమె మాటే ఆమెకు తిరిగి చెప్పాను కదా, ‘ఏమో’ అన్నానంటే ఖాయంగా చెప్పినట్టు కాదు కదా అని. నన్ను నేను నమ్మించుకోగలిగానా? ఒక్కరోజు కూడా లేదు. ఎందుకన్నాను? బిడ్డ పక్కన జిగురు పెట్టుకుంటే ఈ పనే మానిపిస్తానని మా ఆయన అంతకు ముందే అన్నాడు. కాలిన తొడ చూశాక నాకు మొదట తోచింది బిడ్డ నొప్పి కాదు, నన్నేమంటారో అన్నదే. అట్టలా బిగుసుకుపోయిన నిక్కరును చెత్తసంచి అడుక్కి తోసేశాను. ఆసుపత్రిలో ఎలా కాలిందని డాక్టరు అడిగితే, నేను నోరు విప్పేలోపే తన వల్లేనని అత్త చెప్పుకుంది. నేను పాపను భుజాన వేసుకుని నిలబడ్డాను. గట్టిగానే నిలబడ్డాను.

ఆ తర్వాత ఆమె దిష్టి తీయలేదు. పాపను ఎత్తుకోలేదు. పాప పెద్దదయ్యాక ఇంటికొచ్చిన వాళ్లకు మచ్చ చూపించి, “మా జేజి కాల్చినాది” అని చెప్పడం నేర్చుకుంది. అత్త తల వంచుకుని నవ్వేది. నేను కాఫీ కలపడానికి లోపలికి పోయేదాన్ని.

ఇప్పుడు నాకు రెండు నెలల బాబు ఉన్నాడు. అత్త వాణ్ని ముట్టుకోదు. ఉయ్యాలకు తాడు కట్టించుకుని దూరంగా కూర్చుని లాగుతుంది.

ఈ వేళ పొద్దున పాలు పట్టి వాణ్ని ఉయ్యాలలో వేసి స్నానానికి పోయాను. అత్త అరుపు వినిపించింది. “రా మే, బిరీన రా! పిల్లోనికి ఊపిరాడలేదు!” తడి ఒంటికి చీర చుట్టుకుని వచ్చాను. కక్కిన పాలు గొంతుకు అడ్డం పడి వాడి మొహం నీలమవుతోంది. అత్త ఉయ్యాల పక్కనే ఉంది. రెండు చేతులూ కొంగులో చుట్టి బిగించుకుని, అరుస్తూ ఉంది. ఎత్తలేదు. నేను వాణ్ని బోర్లా తిప్పి వీపు తట్టాను. ఏడ్చాడు. అప్పుడు ఆమె అంది: “నేను ముట్టుకుంటే ఇంగేమైతాదో అని భయమైనాది మే.”

నీళ్ల చప్పుడులో ఆ అరుపు నాకు వినపడకపోయి ఉంటే?

ఆ ప్రశ్నే నన్ను పడుకోనివ్వడం లేదు. ఆమె చేతులు ఆగింది నా మాట వల్ల. రేపు మళ్లీ ఆగుతాయి. చెప్పి తీరాలని తెలుసు. చెబుతానని మీకు మాటివ్వలేను, ఎందుకంటే అలాంటి మాటలు నాకు నేను ఎన్నో ఇచ్చుకున్నాను. ఆమె తిడుతుందని కాదు భయం. తిట్టకుండా తన చేతుల వంక చూసుకుంటుందేమోనని. ఆ చూపు ముందు నేను ఎక్కడ నిలబడాలి?

పాపను కాల్చింది నేను. మా అత్త కాదు.

రాశాను. అక్షరాలు వంకరపోయాయి, అయినా కొట్టేయలేదు. భయం పోలేదు. నా పక్కనే ఉంది, కాకపోతే కాస్త జరిగి కూర్చుంది.