చేనుకు చూపిన దీపం

ఒక్కచోట నిలవడం నాకు పుట్టుకతోనే చేతకాదు. కాలికి బలపం కట్టుకుని తిరుగుతాడని ఇంట్లోవాళ్లు విసుక్కునేవారు. అలాంటివాడికి దొరికిన పని ఏమిటయ్యా అంటే, మూడు కాళ్ల స్టాండు మీద బండెడు బరువున్న చెక్క కెమెరా నిలబెట్టి, నల్లగుడ్డ కింద తల దూర్చి, గాలి ఆగేదాకా ఊపిరి బిగబట్టి కాచుకుని ఉండటం. నా పక్కన ఎవరైనా అంత నిదానంగా పనిచేస్తుంటే చూస్తూ ఊరుకోలేను. ఇక నేనే చేయాల్సి వస్తే ఎంత గిలగిల్లాడేవాడినో చెప్పనక్కర్లేదు.

వనపర్తిలో ఒక ఫోటో స్టూడియోలో పనిచేసేవాణ్ని. కొత్త దంపతులను కుర్చీల్లో కూర్చోబెట్టడం, అరువు కోట్లు తొడిగించడం, "నవ్వకండి, కదలకండి" అని రోజంతా మొత్తుకోవడం. ఆ నాలుగు గోడల మధ్య నాకు ఊపిరాడేది కాదు. నా మనసంతా బయట గుట్టల మీద, బండల మీద, ఏటి మీద ఉండేది. సెలవు దొరికితే చాలు, కెమెరా భుజాన వేసుకుని ఏ బండి దొరికితే ఆ బండి ఎక్కేసేవాణ్ని. మనుషుల్లేని ఫోటోలు ఎవరికి పనికొస్తాయని స్టూడియో యజమాని నవ్వేవాడు.

అవి యుద్ధం రోజులు. ఫిల్ము దొరకడమే గగనం. పైగా ఆ కెమెరాకు చుట్ట ఫిల్ము పనికిరాదు. అరచేతి కంటే పెద్ద ముక్కలుంటాయి, ఒక్కో ముక్కకు ఒక్క ఫోటో. వాటిని చీకట్లో తడుముకుంటూ చెక్క స్లైడులోకి ఎక్కించాలి. మందులో కడిగేలోపు రవ్వంత వెలుగు తగిలినా ఆ ముక్క పని అయిపోయినట్టే. ఆ ఏడు చలి మొదలయ్యేనాటికి నా దగ్గర మిగిలినవి రెండే ముక్కలు. ఒకటి గట్టు అనే ఊరి దగ్గరి బండల గుట్టకు అనుకున్నాను. రెండోది తిరుగుదారిలో బీచుపల్లి దగ్గర కృష్ణకు. పొద్దున్నే నీళ్ల మీద లేచే పొగమంచును పట్టాలని నాకు ఏళ్లుగా కోరిక.

పుట్టిలో ఏరు దాటి, గద్వాల నుంచి ఎడ్లబండి మీద ఒళ్లు హూనం చేసుకుని గట్టు చేరాను. బాట పక్కన స్టాండు నిలబెట్టి గుట్టకేసి కెమెరా తిప్పాను. గుట్టకూ నాకూ మధ్య పెద్ద కొర్రచేను, మోకాలెత్తున, కంకులు బరువుకు వంగి ఉన్నాయి. నల్లగుడ్డ కింద నేనుండగానే ఎవరో నా వీపు తట్టారు. చూస్తే ఒక ముసలమ్మ. చేతిలో కొడవలి, మొహంలో గాభరా.

"కొలవనీకి వస్తివా నాయనా? మాపటికి గద వస్తమన్నరు" అంది.

మూడు కాళ్ల స్టాండు చూసి నన్ను భూమి కొలిచేవాడిని అనుకుందన్నమాట. కాదవ్వా, ఫోటో తీసేవాణ్ని అని చెప్తే నమ్మలేదు. చివరికి గుడ్డ ఎత్తి, లోపలికి చూడమన్నాను. ఆ కెమెరాలో వెనక అద్దం మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది. చేను పైన, ఆకాశం కింద. ముసలమ్మ చాలాసేపు తల బయటికి తీయలేదు. నాకు పొద్దు పోతోందని ఒకటే ఆరాటం. గుడ్డ లాగేద్దామనుకుంటుండగా బయటికి వచ్చింది.

"తలకిందులున్నది గద" అంది. తర్వాత తనే, "ఉండనీ, మా ఇల్లు గూడ ఇప్పుడు గిట్లనే ఉన్నది" అంది.

విషయం అప్పుడు చెప్పింది. ఆ చేను ఆమెది, కాలం చేసిన ఆమె భర్తది. పెళ్లయి వచ్చిన కొత్తలో అదంతా రాళ్లదిబ్బట. ఇద్దరూ కలిసి ఏళ్ల తరబడి రాళ్లు ఏరి, గంపలతో మోసి, గట్లకు పోసి దాన్ని చేనుగా చేశారు. ఇప్పుడు ఇద్దరు కొడుకులకు పడటం లేదు, కోడళ్లకు అసలే మాటల్లేవు. కోతల దాకా కూడా ఆగలేక, ఎవరి కొర్రలు వాళ్లు కోసుకుంటామని పట్టుబట్టారు. ఆ మాపటికే పెద్దమనుషులు వచ్చి చేను నడుమ హద్దురాయి పాతబోతున్నారు.

"రాయి పడకముందె నా చేనంత ఒక్కతీరుగ పట్టియ్యరాదు, నాయనా? గంతకంటె నాకేం వద్దు."

నాకు చిరాకేసింది, నిజం చెప్పొద్దూ. నేనొచ్చింది గుట్ట కోసం. అయినా ఆమె నా మొహంలోకి చూడటం లేదు, చేను వంకే చూస్తోంది. కాదనడానికి నోరు రాలేదు. కెమెరా కాస్త కిందికి వంచితే చేను మొత్తం వస్తుంది, గుట్ట నడుము దాకా వస్తుంది. సరేనన్నాను. అన్నాక నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆ గాలి ఒకటి, నా ప్రాణానికి. చేను ఈ కొస నుంచి ఆ కొస దాకా స్పష్టంగా రావాలంటే కెమెరా కన్ను బాగా చిన్నది చేసి, చాలాసేపు తెరిచి ఉంచాలి. అంతసేపూ కంకి కదలకూడదు. కదిలితే చేను బదులు మసక వస్తుంది. ఒక కంకి ఆగితే ఇంకొకటి ఊగుతోంది. నేను కూర్చుంటున్నాను, లేస్తున్నాను, అటు తిరుగుతున్నాను, ఇటు తిరుగుతున్నాను. ఇంతలో పెద్దమనుషులు రానే వచ్చారు. వెనకాల బండిలో నడుమెత్తు రాయి, పసుపు పూసి ఉంది. కొడుకులిద్దరూ చెరో పక్క నిలబడ్డారు, ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. ఫోటో అయ్యేదాకా రాయి దించవద్దని ముసలమ్మ చెప్తే పెద్దమనుషులు గొణుక్కుంటూ తుమ్మచెట్టు కింద కూర్చున్నారు. ఎంతసేపని ఒకాయన, పొద్దు వాలుతోందని ఇంకొకాయన. వాళ్ల చూపులన్నీ నా వీపు మీదే. చలికాలంలోనూ నాకు చెమటలు పట్టాయి.

పొద్దు బాగా వాలాక గాలి ఒక్కసారిగా పడిపోయింది. కెమెరా కన్ను తెరిచాను. చేనంతా అలాగే నిలిచింది. మూసి, స్లైడు బయటికి తీసి, పోయిన ప్రాణం తిరిగొచ్చినంత సంబరంగా ముసలమ్మ ముందు దాన్ని వేలితో తట్టి చూపించాను.

"ఇగో అవ్వా, నీ చేను దీంట్ల ఉన్నది. ఇంక యాడికి పోదు."

ఆమె స్లైడును ఒకసారి చేత్తో నిమిరింది. వెనకాల గడ్డపార చప్పుడు మొదలైంది. బాట పక్కన, చేనుకు సరిగ్గా నడుమ రాయి పాతి కొబ్బరికాయ కొట్టారు. దాని జోడు రాయి చేను అవతలి కొసన, పల్లంలో పాతారు.

తెలివైనవాడైతే ఆ స్లైడును భద్రంగా వనపర్తి తీసుకుపోయి కడిగేవాడు. నేను అంతదాకా ఆగగలిగితే నేనెందుకవుతాను. ఫిల్ము కడిగే మందులు సీసాల్లో వెంట తెచ్చుకునే అలవాటు నాది. వాళ్ల ఇంట్లో గింజలు పోసుకునే గది ఉంది, కిటికీ లేనిది. అది అడిగి, తలుపు సందుల్లో గోనెపట్టాలు దూర్చాను. లోపల గడియ లేదు. అందుకని కోడళ్లిద్దరికీ విడివిడిగా చెప్పాను. నేను బయటికి వచ్చేదాకా తలుపు తీయొద్దు, ముసలమ్మ చేను నుంచి రాగానే ఆమెకూ చెప్పండి అని. ఇద్దరూ తలూపారు. ఆమె చెప్తుందిలే అని ఈమె, ఈమె చెప్తుందిలే అని ఆమె అనుకున్న సంగతి నాకు తర్వాత తెలిసింది.

గదిలో చీకట్లో స్లైడు తెరిచి, ఫిల్ము వేళ్ల మధ్య పట్టుకుని పళ్లెం కోసం తడుముకుంటున్నాను. తలుపు కిర్రుమంది. గోనెపట్టా జరిగింది. ఎదురుగా నూనె దీపం, దాని వెనక ముసలమ్మ. వెలుగంతా నా చేతిలో ఉన్న ఫిల్ము మీద పడింది.

ఆ మరుక్షణమే అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎందుకు తెచ్చినవే అవ్వా దీపం?" అని అరిచాను. ఇల్లు ఇల్లంతా వాకిట్లోకి వచ్చింది.

ఆమెకు ఏమీ అర్థం కాలేదు. దీపానికి చెయ్యి అడ్డం పెట్టుకుని గడపలోనే నిలబడింది. ఆ ఇళ్లలో పొద్దుగూకితే ప్రతి గదిలోకీ దీపం తీసుకుపోయి చూపిస్తారు, గింజలున్న గదిని అసలే వదలరు. అది నాకు తెలియంది కాదు. మా ఇంట్లోనూ అదే ఆచారం. కానీ ఆమె చెప్పింది వేరు.

"చేను దీంట్ల ఉన్నదని నీవే చెప్తివి గద, నాయనా. పొద్దుగూకింది, దాన్ని సీకట్ల ఎట్ల ఇడుస్త? దీపం సూపిచ్చి పోదమని వచ్చిన."

కోపం ఎటు పోయిందో పోయింది. అయినా ఆశ చావక ఫిల్మును మందులో వేశాను. కళ్లముందే అంచు నుంచి అంచుకు నల్లబడిపోయింది. చేను లేదు, గుట్ట లేదు, వట్టి నలుపు. పోయిందా అని అడిగింది. పోయిందవ్వా అన్నాను. ఆమె ఏడవలేదు. దీపం పక్కన పెట్టుకుని గడప మీద కూలబడి, రాళ్లన్నీ ఏరిన చేతులతోనే పోగొట్టుకుంటి అని ఒక్కసారి అంది. కోడళ్లిద్దరూ, నీవు చెప్పలేదంటే నీవు చెప్పలేదని, ఎన్నాళ్లకో ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు, అదీ తిట్టుకోవడానికి.

ఆ ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. తెల్లవారీ తెల్లవారకముందే సామాను కట్టి బండి ఎక్కాను. ఎడ్లను తోలమని బండివాడిని ఒకటే తొందరపెట్టాను. రెండో ముక్క స్లైడులో భద్రంగా ఉంది. మర్నాడు పొద్దుటికల్లా కృష్ణ ఒడ్డున ఉండాలి. బండి చేను మలుపు తిరిగింది. ముసలమ్మ బాట మీద నిలబడి ఉంది, హద్దురాయికి కాస్త ఇవతల. నన్ను ఆపలేదు, ఏమీ అడగలేదు. చేను వంకే చూస్తోంది.

బండి దాటిపోయింది. కాసేపు ఓర్చుకున్నాను. ఇక నావల్ల కాలేదు, బండి ఆపమని దూకేశాను.

ఇంకొకటి ఉంది, తీస్తానన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆ పక్క కన్నడ మాటలు కలిసిపోయి ఉంటాయి, వద్దు అనడానికి ఆమె ఆ మాటే వాడింది.

"బ్యాడ నాయనా. రాయి పడ్డంక ఏం తీస్తవ్? రెండు సెక్కలైంది గద."

నేను వినలేదు. స్టాండు నిలబెట్టి అటు జరిపాను, ఇటు జరిపాను, బాట కింది నుంచి చూశాను, బండి మీదికెక్కి చూశాను. ఎటు పోయినా పసుపు పూసిన ఆ రాయి చేను నడుమ మొలిచినట్టు కనబడుతూనే ఉంది. రెండో రాయితో బాధ లేదు, అది పల్లంలో ఉంది. కోతలు కానిదే నడుమ మట్టి గెట్టు వేయరు. అడ్డమంతా ఈ ఒక్క రాయే. పళ్లు నూరుకుంటూ గుడ్డ కింద నుంచి తల తీసేసరికి, ముసలమ్మ నన్ను ఓపిగ్గా గమనిస్తోంది. కొంగు భుజాల చుట్టూ కప్పుకుని నడుచుకుంటూ పోయి, రాయికి వీపు ఆనించి నిలబడింది.

"ఇప్పుడు కనబడుతున్నదా?"

గుడ్డ కిందికి వెళ్లి చూశాను. తలకిందులుగా చేను, నడుమ ఆమె. రాయి లేదు.

"లేదవ్వా."

"అయితె కానియ్యి."

గాలి లేదు. కెమెరా కన్ను తెరిచాను. అంతసేపు కదలకుండా నిలబడటం పడుచువాళ్లకే చేతకాదు. ముసలివాళ్లయితే తల వణికి, ఒళ్లు ఊగి మసక పడతారు. స్టూడియోలో అలా ఎన్ని పాడయ్యాయో. ఆమె మాత్రం రవ్వంత కూడా ఊగలేదు. వెనకాల రాయి ఉంది మరి, గట్టిగా ఆనుకుంది.

మర్నాడు పొద్దున కృష్ణ దగ్గరికి చేరేసరికి నేను ఏళ్లుగా కోరుకున్నట్టే నీళ్ల మీద మంచు లేచి ఉంది. అవతలి ఒడ్డు లేనట్టే ఉంది. ఖాళీ కెమెరా ఒళ్లో పెట్టుకుని పుట్టిలో కూర్చున్నాను. ప్రాణం ఉసూరుమంది, అబద్ధమెందుకు.

కోతలయ్యాక ఫోటో అచ్చువేసి, అట్టకు అంటించి, నేనే పట్టుకెళ్లాను. అప్పటికి ఇల్లూ రెండయింది, వాకిట్లో కొత్త గోడ లేచింది. ముసలమ్మకు వంతులు, ఒక నెల పెద్ద కొడుకు దగ్గర, ఒక నెల చిన్న కొడుకు దగ్గర. నేను వెళ్లేసరికి చిన్నవాడి వంతు. అతనే ముందు ఫోటో అందుకుని చూసి, చేనంతా బాగా వచ్చిందన్నాడు. ఒక్కటే లోపం పట్టాడు.

"నడుమ నీవెందుకే అమ్మా, అడ్డం?"

ఆమె ఫోటో తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. తన మొహం ఎలా వచ్చిందో కూడా చూసుకోలేదు. ఎడమ కొసన తుమ్మచెట్టు మీద వేలు పెట్టి, కొర్రల మీదుగా మెల్లగా జరుపుకుంటూ వచ్చింది. నడుమ తన బొమ్మ తగిలింది. వేలు ఎత్తలేదు, తన మీదుగానే జరుపుకుంటూ అవతలి కొస దాకా తీసుకుపోయింది. అప్పుడు తలెత్తి నా వంక చూసింది.

"యాడా ఆగలే, నాయనా" అంది.