రెండు వేళ్ల వాలు

లీవెన్ చేతులు నాలుగో షాకిల్, అంటే తాడు కొసను పట్టి ఉంచే ఇనుప కడియం మీద ఉన్నాయి. పిన్నును వేళ్లతో చివరిదాకా తిప్పి, బిగించి, అది వదులు కాకుండా సన్నని తీగ చుట్టాడు. తర్వాత చేతితొడుగు తీసేసి, ఉక్కు తాడును ఒట్టి అరచేత్తో పైనుంచి కిందికి తడుముతూ వచ్చాడు. ఎక్కడైనా ఒక్క పోగు తెగి లేచి ఉంటే తొడుగుకు తెలియదనీ, చర్మానికి తెలుస్తుందనీ అతని నమ్మకం. పదహారు తాళ్లనూ అలాగే తడుముతాడు. మధ్యాహ్నం మూడింటికి మొదలుపెడితే నాలుగున్నర అవుతుంది.

ఆ రోజు శనివారం. అదే తన ఆఖరి రోజు కావచ్చునని నాకూ మేనేజరుకూ ముందే చెప్పి ఉన్నాడు. అయినా ఒక్క తాడును కూడా తొందరగా వదల్లేదు.

ఆ తాళ్లకు వేలాడేది ఒక భోజనాల బల్ల. చుట్టూ ఇరవై రెండు కుర్చీలు. బెల్టులు బిగించి కూర్చోబెట్టిన ఇరవై రెండు మందిని ఆదివారం తప్ప రోజూ సాయంత్రం ఏడింటికి నేను క్రేనుతో హేసెల్ మైదానం మీద యాభై మీటర్ల ఎత్తుకు లేపుతాను. బల్ల మధ్యలో పొడుగాటి ఖాళీ ఉంటుంది. అందులో ఒక కొసన పొయ్యి, వంట చేసే ఒడిల్. రెండో కొసన బీర్ల అర, దాన్ని చూసుకునే ఫ్లోరిమోన్. వచ్చినవాళ్లు కాళ్లు గాలిలో ఆడించుకుంటూ, బ్రసెల్స్ అంతా చూస్తూ గంటన్నర సేపు తిని తాగాక దింపుతాను. లేపే ముందు లీవెన్ సంతకం పెట్టిన కాగితం నా చేతికి రావాలి. అది రాకుండా నేను లీవరు ముట్టుకోను. పదకొండేళ్లుగా మా ఇద్దరి మధ్యా ఇదే ఏర్పాటు.

లీవెన్‌ది బోమ్ అనే ఊరు. తండ్రి అక్కడి ఇటుక బట్టీలో పనిచేసేవాడు. లీవెన్ పదిహేనో ఏట ఇటుకలు మోసే పడవ ఎక్కాడు. బరువు ఎలా కట్టాలో అతనికి ఎవరూ నేర్పలేదు. పడవవాళ్లు మాట్లాడుతుంటే వినకుండా వాళ్ల చేతులనే చూసేవాణ్నని ఒకసారి చెప్పాడు. ఆ తర్వాత ఆంట్‌వెర్పెన్ రేవులో ఇరవై ఏళ్లు ఓడల సరుకుకు తాళ్లు వేశాడు. ఆ పైన వంతెనలు. యాభై దగ్గరపడ్డాక సర్టిఫికెట్ ఉంటేనే పని అన్నారు. రాత పరీక్షలో రెండుసార్లు తప్పి మూడోసారి నెగ్గాడు. ఆ సర్టిఫికెట్ ఎక్కడ పెట్టాడో ఇప్పటికీ గుర్తు లేదంటాడు. మెడలో బ్యాడ్జి మాత్రం ఏ రోజూ మరవడు. ఇప్పుడతనికి అరవై ఒకటి.

చిక్కు మే నెల మూడో వారంలో మొదలైంది. ఒక సాయంత్రం బల్ల దిగగానే ఒడిల్ నేరుగా అతని దగ్గరికి వచ్చింది.

"పెద్దాయనా, మీ బల్ల వంకర."

"బల్ల సరిగానే ఉంది మదామ్. మీ పళ్లెం వంకరేమో చూసుకోండి."

"ఇరవై రెండు పళ్లేలూనా? ఈ వారం కొత్తగా పెట్టిన గుజ్జంతా ఒక పక్కకే జారుతోంది. ఇది కొత్త రకం వడ్డనా అని ఇవాళ ఒకాయన అడిగాడు. అవునన్నాను, ఇంకేం చెయ్యను?"

మర్నాడు లీవెన్ ప్రత్యేకంగా చూశాడు. రోజూ రెండుసార్లు బల్లను ఒక్క అడుగు ఎత్తి ఆపి చూస్తాం. అయిదింటికి ఖాళీ బల్ల, ఏడింటికి మనుషులతో. ఖాళీగా ఎత్తినప్పుడు రసమట్టంలో బుడగ గీతల మధ్య కదలకుండా నిలబడింది. మనుషులు కూర్చున్నాక ఎత్తితే బీర్ల కొస రెండు వేళ్లు కిందికి వాలింది. రూలు ప్రకారం నాలుగు వేళ్ల దాకా వాలవచ్చు కాబట్టి అంతవరకూ ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. సంతకం పెట్టమని మేనేజరు అన్నాడు. లీవెన్ పెట్టాడు కానీ, కాగితం నాకిచ్చేటప్పుడు దాన్ని ఒక క్షణం వదలకుండా పట్టుకునే ఉన్నాడు.

ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో లెక్క వేసేది లీవెనే. టికెట్టు కొనేటప్పుడు అందరూ తమ బరువు తామే రాసిస్తారు. దాన్నిబట్టి రెండు కొసలూ సమంగా వచ్చేలా సర్దుతాడు. నా క్యాబిన్‌లో కొక్కేనికి వేలాడే మొత్తం బరువు అంకెల్లో కనిపిస్తుంది. అది ఈ సీజను మొదలైన మార్చి నుంచీ లీవెన్ లెక్క కంటే తొంభై కిలోల దాకా ఎక్కువే చూపిస్తోంది. దాని గురించి మేం ఎప్పుడూ కంగారు పడలేదు. బరువు ఎవరు నిజం రాస్తారు? మనిషికి నాలుగు కిలోల అబద్ధం, ఇరవై రెండు మంది. సరిపోయింది.

"నేనైతే ఆరు తగ్గిస్తాను" అంది ఒడిల్.

"దాచినవాళ్లందరూ ఒక కొసకు చేరి ఉంటారు" అన్నాను నేను.

"రోజూనా? రోజూ ఆ కొసకేనా?" అన్నాడు లీవెన్.

అతను తాళ్లను ఆ కొసవి ఈ కొసకు మార్చి కట్టాడు. కొత్త రసమట్టం కొన్నాడు. ఒకరోజు బీర్ల కొసన కూర్చున్న బొద్దుగా ఉన్న ఒకాయన్ని పొయ్యి కొసకు మార్చాడు. బల్ల కాస్త సర్దుకుంది గానీ ఆయన భార్య ఇవతల, ఆయన అవతల మిగిలారు. వాళ్ల పెళ్లిరోజట. గంటన్నర సేపు పళ్లేల మీదుగా చేతులూపుకున్నారు. ఇకమీదట కూర్చున్నవాళ్లను కదిలించవద్దని మేనేజరు ఆర్డరేశాడు.

మూడు వారాలు గడిచాయి. చూడవలసినవన్నీ చూశాక లీవెన్ తనను తాను చూసుకోవడం మొదలుపెట్టాడు. అతని తండ్రి ఈ వయసులోనే అంకెలు తారుమారు చేసేవాడట. ఎక్కవలసిన బస్సు వదిలేసి వేరే బస్సెక్కి, ఏదో ఊళ్లో దిగి కూర్చునేవాడట. గురువారం నాడు లీవెన్ నా క్యాబిన్ మెట్టెక్కి, ఆ రోజు జాబితా నా ఒళ్లో పెట్టాడు.

"యోస్ట్, ఈ అంకెలు కూడు."

కూడి చూశాను. అతనికి వచ్చిందే నాకూ వచ్చింది.

"నేను రాసినవి ఫారాల్లో ఉన్నవేనా? ఒక్కొక్కటీ చూడు."

చూశాను. "అన్నీ అవే."

"నాకూ అవే కనిపిస్తున్నాయి. కానీ నాకు కనిపిస్తున్నది నిజమో కాదో నేనెలా చెప్పను?"

"నేను చెబుతున్నాగా."

"నువ్వు ఇవాళ చెబుతున్నావు. నిన్నటిది, మొన్నటిది?" కాసేపు తాళ్ల వైపు చూశాడు. "శనివారం దాకా చూస్తాను. అప్పటికీ తేలకపోతే బ్యాడ్జి ఇచ్చేస్తాను. నాకు అర్థం కాని దాని మీద సంతకం పెట్టడం నా వల్ల కావట్లేదు."

తప్పు అతనిలో లేదని నాకు గట్టిగా అనిపించింది. ఎక్కడుందని అడిగితే మాత్రం చూపించలేను.

శనివారం వచ్చింది జూడో క్లబ్బు. పోటీ ముగించుకుని వేడుకకు వచ్చారు, ఇరవై ఒక్కమంది ఆటగాళ్లు, వాళ్ల కోచ్. కోచ్‌ది పొట్టి జుట్టు, పట్లలో నలిగిపోయిన చెవులు, ఆమె వాలకం చూసి మేమంతా నిటారుగా నిలబడ్డాం. లీవెన్ చేతికి ఒక కాగితం ఇచ్చింది. పొద్దున పోటీలో తూచిన బరువులు, వంద గ్రాముల వరకు.

"వీళ్లు నిజంగా ఇంతేనా?" అని అడిగాడు లీవెన్.

"ఇంతే. వంద గ్రాములు ఎక్కువైతే మెట్లెక్కి దిగి చెమట కార్చి మళ్లీ తూగుతారు. నాతో సహా."

"పొద్దుట్నించీ ఏమైనా తిన్నారా?"

"తినకుండా ఉంటారా? మనిషికో కిలో వేసుకోండి."

కిలో చొప్పున కలుపుకున్నాడు. అరగంట కూర్చుని ఎవరి కుర్చీ ఏదో రాశాడు. రెండు కొసలకూ తేడా కిలో కూడా లేదు. రెండోసారి నాచేత లెక్క వేయించాడు. అందరూ కూర్చున్నారు. బెల్టులు బిగించాడు. ఒడిల్ లోపలికెళ్లింది. ఫ్లోరిమోన్ ఎప్పటిలాగే ఐసు డబ్బాలు సర్దుకుని చివర ఎక్కాడు.

"అన్నీ కాగితంలో ఉన్నట్టేనా?" లీవెన్ రోజూ ఒడిల్‌నూ ఫ్లోరిమోన్‌నూ అడిగే మాట; వాళ్ల సామాను బరువులు మార్చిలో రాసుకున్న కాగితం అది.

"అంతే" అన్నారు ఇద్దరూ.

ఒక్క అడుగు ఎత్తాను.

"ఎంత?" అని వాకీటాకీలో లీవెన్ గొంతు.

"తొంభై ఒకటి ఎక్కువ."

అతను రసమట్టం పెట్టి వంగి చూశాడు. అటు కొస చూశాడు, ఇటు కొస చూశాడు. రెండు వేళ్లు. బీర్ల వైపే. టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. బ్యాడ్జి తాడు మీదికి చెయ్యి పోవడం క్యాబిన్‌లోంచి చూశాను. చెయ్యి అక్కడే కాసేపు ఆగింది.

"యోస్ట్. ఇది మనుషుల వల్ల కాదా?"

"అంటే?"

"ఇవాళ అబద్ధం రాసినవాళ్లు లేరు. అయినా తొంభై వచ్చింది. అంటే ఏ రోజూ మనుషులది కాదు. దింపు."

దింపాను. ఇరవై రెండు మందినీ బెల్టులు విప్పి గడ్డిలో నిలబెట్టాడు. మేనేజరు గడియారం చూపిస్తూ వచ్చాడు.

"ఏడు దాటింది లీవెన్."

"దాటనివ్వండి. బల్ల ఇక్కడే ఉంటుంది."

పనివాడి పెట్టెలో ఇంకో పనివాడు చెయ్యి పెట్టడు. రేవులో అయినా, వంతెన మీద అయినా లీవెన్ బతికిన పద్ధతి అది. పదకొండేళ్లలో ఒడిల్ డబ్బా ఒక్కటీ అతను మూత తీసి చూడలేదు. అందుకే ఆ మాట అడగడానికి చాలాసేపు పట్టింది.

"మదామ్, మీ పెట్టెలు ఒకసారి కిందికి దించుతారా? నేను ముట్టుకోను. మీరే దించి మీరే తూచండి."

"గుజ్జు పొయ్యి మీద ఉంది" అంది ఒడిల్. అతని ముఖం చూసి, పొయ్యి ఆర్పి దించింది. సామాను తూచే కాటా మీద ఒక్కొక్కటే పెట్టింది. కాగితంలో రాసినదానికంటే రెండు కిలోలు తక్కువే వచ్చింది.

"ఆల్చిప్పలు ఇవాళ చిన్నవి దొరికాయి" అంది, తప్పు చేసినట్టు.

లీవెన్ రెండో కొస వైపు తిరిగాడు. ఫ్లోరిమోన్ బీర్ల అరకు వేసిన తెర ముందు నిలబడి ఉన్నాడు. ఒక చెయ్యి తెర మీద ఉంది.

"నావి మీకు తెలిసినవేగా" అన్నాడు.

"తెలుసుననే అనుకున్నాను నాయనా."

ఫ్లోరిమోన్ తెర పక్కకు లాగాడు. సీసాల పెట్టెల వెనక ఆరు క్రేట్లు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి.

"ఏమిటివి?"

"గ్లాసులు."

"రెండు రకాల గ్లాసులే అని మార్చిలో రాసుకున్నాం."

"రాసుకున్నాం."

"ఇవెన్ని రకాలు?"

"పదకొండు." ఫ్లోరిమోన్ చెవులు ఎర్రబడ్డాయి. "ఏ బీరుకు ఆ గ్లాసే ఉండాలని తెలిసీ రాసేటప్పుడు నేనూ సరేనన్నాను. మొదటి రోజే పైన ఒకాయన మఠంలో సన్యాసులు కాచే బీరు అడిగాడు. గోధుమ బీరు గ్లాసులో పోసిచ్చాను. ఆయన తిట్టలేదు. గ్లాసు వంక చూశాడు, నా వంక చూశాడు, పక్కన పెట్టేశాడు. కింద అయితే వంటింట్లోకి పోయి నిలబడేవాణ్ని. అక్కడ ఎక్కడికి పోను? గంటన్నర ఆయన ఎదురుగానే ఉన్నాను. మర్నాటినుంచి ఐసుతో పాటు ఇవీ ఎక్కిస్తున్నాను."

"అలా పోస్తే నేనూ తాగను" అంది గడ్డిలోంచి జూడో కోచ్.

"మూడు వారాలుగా నా బుర్ర చెడిందనుకుంటున్నాను నేను. నీకు తెలుసా?" అన్నాడు లీవెన్.

"బల్ల వాలుతోందని తెలుసు. మనుషుల బరువని అందరూ అంటుంటే నేనూ అదే అనుకున్నాను. ఒక్కొక్క గ్లాసూ చేత్తో తుడిచి పెట్టేవాణ్ని. ఇవన్నీ కలిసి ఇంత బరువని నాకెప్పుడూ తోచలేదు."

అతను అబద్ధమాడుతున్నట్టు లేదు. క్రేట్లు తూచారు. తొంభై మూడు. ఒడిల్‌వి తగ్గిన రెండూ తీసేస్తే నా అంకె వచ్చింది. లీవెన్ అక్కడే నిలబడి ఆ తీసివేతను కాగితం మీద మూడుసార్లు చేశాడు. మూడుసార్లూ అదే వచ్చింది. అయినా ఏదో పోగొట్టుకున్నవాడిలా చుట్టూ చూశాడు.

"ఆగండి" అంది ఒడిల్. "అంటే ఇన్నాళ్లూ జనం బరువు నిజమే రాస్తున్నారా?"

మేనేజరు గడ్డిలో నిలబడ్డవాళ్లను ఎగాదిగా చూశాడు.

"నేను నమ్మను" అంది తనే.

మేనేజరు ముందుకొచ్చాడు. "ఆ గ్లాసులు తీసి పక్కన పెట్టించు. వెళ్దాం."

లీవెన్ ఒక క్రేటులోంచి కాడ పొడుగ్గా ఉన్న గ్లాసొకటి తీసి వెలుగుకు పెట్టాడు. "ఇందులో ఏది పోస్తావు?"

ఫ్లోరిమోన్ బీరు పేరు చెప్పాడు.

"అది దీంట్లోనే తాగాలి. నేనూ దీంట్లోనే తాగుతాను" అన్నాడు లీవెన్ మేనేజరుతో. "ఇవి దిగనక్కర్లేదండీ. కాగితం మీదికి ఎక్కితే చాలు."

మూడు క్రేట్లు పొయ్యి కొసకు మార్చాడు. కాళ్లు పెట్టుకోవడానికి చోటు లేదని ఒడిల్ గొణిగింది. ఆమె ఎక్కడెక్కడ నిలబడుతుందో అడిగి, ఆ చోటు వదిలి, క్రేట్లను బల్ల ఇనుప కాళ్లకు తాడుతో కట్టాడు. ముడి వేశాక చేత్తో గుంజి చూశాడు. మిగిలిన మూడింటినీ బీర్ల కొసన అలాగే కట్టాడు. మనుషుల్ని కూర్చోబెట్టి బెల్టులు మళ్లీ మొదటినుంచి బిగించాడు.

అడుగు ఎత్తాను.

"ఎంత?"

"నువ్వు లెక్క వేసినంతే."

"అంకె చదువు."

చదివాను.

"మళ్లీ చదువు."

మళ్లీ చదివాను. నాలుగు మూలలా రసమట్టం పెట్టి చూశాడు, బుడగ ఎక్కడా గీతలు దాటలేదు. మేనేజరు అతని వెనకే తిరుగుతూ, "మరి సోమవారం?" అన్నాడు.

"మూడింటికి వస్తాను."

జాబితా అడుగున 'గ్లాసులు, పదకొండు రకాలు, తొంభై మూడు కిలోలు' అని నెమ్మదిగా, అక్షరం అక్షరం విడివిడిగా రాశాడు. కింద సంతకం పెట్టాడు. క్యాబిన్ మెట్టెక్కి కాగితం నా చేతిలో పెట్టి, వెంటనే వదిలేశాడు.