తల్లి పేరు రాసిన గడి

ఆఫీసులో నా పని క్లెయిమ్ కాగితాల్లో తప్పులు పట్టడం. పదిహేనేళ్ళుగా అదే పని కావడంతో, మనుషులు చెప్పేదానికన్నా కాగితం చెప్పేదే నిజమని నాకో గట్టి నమ్మకం. ఆ పొగరుతోనే మా వంశవృక్షం గీయడానికి కూర్చున్నాను.

తాతయ్య, నాన్నమ్మ శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే ఉద్యోగం మీద సికింద్రాబాద్ వచ్చారు. ఇద్దరూ పోయి చాలా కాలమైంది. వాళ్ళకి నాన్న ఒక్కడే. నాన్న జనన నమోదు నకలు కోసం మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి చివరికి సంపాదించాను. తండ్రి పేరు గడిలో తాతయ్య పేరు సరిగ్గానే ఉంది. తల్లి పేరు గడిలో మాత్రం నేనెన్నడూ వినని పేరు. చిరునామా రాంగోపాల్‌పేట్. నాకు తెలిసినంతవరకూ మావాళ్ళు మొదటినుంచీ సీతాఫల్‌మండిలోనే ఉన్నారు.

నాన్నని అడగొచ్చు. పక్క గదిలోనే పేపరు చదువుకుంటున్నాడు. అడిగితే దాచేస్తాడని నేనే తీర్మానించుకుని అడగలేదు. వేరే పేరు, వేరే ఇల్లు, ఇంకేం కావాలి? తాతయ్యకి చిన్నిల్లు ఉండేదని, ఆవిడ కన్న బిడ్డని నాన్నమ్మ నోరు మూసుకుని పెంచిందని తేల్చేశాను. చార్టులో ఆ పేరు పక్కన పెన్సిల్‌తో ‘ఉంచుకున్నది’ అని రాశాను. నకలు ఫొటో తీసి, నా పరిశోధనంతా జోడించి, ఇంట్లోవాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. తాతయ్య గ్రంథసాంగుడేనని మా బావ ఒకాయన రాస్తే, కింద నవ్వే బొమ్మ పెట్టింది కూడా నేనే. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

నాన్న కూడా ఆ గ్రూపులో ఉన్నాడు. ఫోన్ పట్టుకుని నా గదిలోకి వచ్చాడు.

“ఇది కొన్నమ్మ పేరు. నువ్వు అడిగుంటే చెప్పేవాణ్ణి కదమ్మా” అన్నాడు. కోప్పడినా బాగుండేది.

కొన్నమ్మ నాకు తెలియని మనిషి కాదు. నా చిన్నప్పుడు ప్రతి సంక్రాంతికీ ఇంటికొచ్చి, నా గౌను జేబుల నిండా సకినాలు కుక్కి వెళ్ళేది. కొన్నమ్మ అన్నది ఆవిడ పేరే అనుకున్నాను. అది పేరు కాదు, కొన్న అమ్మ. నాన్నకి ముందు ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోయారు. అలా పోతుంటే, తరవాతి బిడ్డ దక్కడానికి పరాయివాళ్ళకి అమ్మెయ్యడం మావైపు పద్ధతి. అప్పుడు మావాళ్ళు రాంగోపాల్‌పేట్‌లో అద్దెకుండేవారట. నాన్నమ్మ బిడ్డని చాటలో పడుకోబెట్టి పక్క వాటా ఆవిడకి ఇస్తే, ఆవిడ గుప్పెడు తవుడిచ్చి కొనుక్కుని, పెంచమని మళ్ళీ నాన్నమ్మ చేతుల్లోనే పెట్టిందట. నాన్న పేరు మొదట్లో ఉండే తవుడు అందుకే వచ్చింది. బళ్ళో పిల్లలు నవ్వుతారని, నాన్న పేరు రాయాల్సిన చోటల్లా ఆ తవుణ్ణి నేను ఎప్పుడో ఒక పొడి అక్షరం చేసేశాను.

మెసేజ్ తీసేశాను. అప్పటికే అందరూ చదివేశారు.

ఆ ఆదివారం నాన్న నన్ను వెంటబెట్టుకుని రాంగోపాల్‌పేట్ తీసుకెళ్ళాడు. కొన్నమ్మకి ఎనభై దాటాయి, కొడుకు ఇంట్లో మంచం మీదే ఉంటోంది. చూపు బాగా తగ్గింది. నాన్న నకలు సంగతి చెప్పాడు గానీ, నేను చేసిన ఘనకార్యం చెప్పలేదు.

“నేనే రాయించిన, బిడ్డా” అంది కొన్నమ్మ. “మీ నాయినమ్మ పేరు రాస్తే, ఆ ఇద్దర్ని తీస్కవోయినోడు మల్ల గామె బిడ్డనే అని వస్తడేమోనని బుగులైంది. కొన్నదాన్ని నేను గదా, నా పేరే రాయమన్న.”

నాన్నమ్మ ఒప్పుకుందట. ఈ పేరు చూసి రేపు జనం ఏమనుకుంటారోనని తాతయ్యే వెనకాడాడట.

“అనుకునేటోళ్ళు అనుకోనీ, పోరడు బతకాలె అన్న” అంది.

అరవై ఏళ్ళలో ఎవరూ అనుకోలేదు. అనుకున్నదాన్ని నేనొక్కదాన్నే, అదీ ఆవిడ బతికించిన మనిషికి పుట్టినదాన్ని.

నేను చార్టు గీస్తున్నానని నాన్న ముందే చెప్పాడు కాబోలు, కొన్నమ్మ నా చెయ్యి తడిమి పట్టుకుంది.

“నన్ను సుత రాసినవా బిడ్డా? ఏమని రాసినవ్?”

చార్టు నా బ్యాగులోనే మడతపెట్టి ఉంది, ఆ పెన్సిల్ రాత చెరపకుండానే.

ఇంకా రాయలేదు కొన్నమ్మా, అన్నాను. నాన్న నా వైపు చూడలేదు.