బాపుకు దొరికిన జాగా

మొన్న మా ఎదురుగోడ మీద ఎవరో ఎర్రరంగుతో 'ఇండ్ల జాగాలు అమ్మబడును' అని రాసిపోయారు. జడ్చర్లలో అటువంటి రాత లేని గోడ ఇప్పుడు వెదికినా దొరకదు గానీ, ఆ మాట కంటబడినప్పుడల్లా నాకు అమ్మకానికి లేని ఒక జాగా గుర్తొచ్చి, నా ఈడువాళ్లతోనైనా ఆ సంగతి చెప్పుకోవాలనిపిస్తుంది.

మాది నల్లగొండ జిల్లాలో కృష్ణ ఒడ్డున గొర్లకాపరుల ఇల్లు. అరవైలలో నాగార్జునసాగర్ నీళ్లు నిలిచినప్పుడు మా ఊరూ, మేం బాపు అని పిలిచే నాన్న మంద తోలిన బీళ్లూ, తాతలనాటి దొడ్లూ మునిగిపోయాయి. మమ్మల్ని ఎగువ మెరకకు తరలించారు. బాపు మిగిలిన గొర్లను నీళ్ల అంచునే మేపేవాడు. రాత్రిళ్లు నిద్రపోయేవాడు కాదు, పలకరిస్తే పలికేవాడు కాదు. ఎప్పుడైనా నీళ్లకేసి చెయ్యి చూపి, నా జాగా పోయిందిరా అని మాత్రం అనేవాడు. మనిషి ఇట్లాగే దక్కకుండా పోతాడేమోనని అమ్మకు దిగులు.

ఆ చలికాలం నేను సెలవులకు ఇంటికొచ్చి ఉండగా, కొండమీది పాత బౌద్ధారామాలను చూడవచ్చిన ఒక ముసలి టిబెట్ స్వామి, లాంచీ కోసం ఎదురుచూస్తూ బాపు పక్కన వచ్చి కూర్చున్నాడు. ఆయనా దేశం పోగొట్టుకున్నవాడే. ఆయనకు వచ్చింది విరిగిన హిందీ, నాది ఉర్దూ చదువు, కాబట్టి నేను దుబాసీనయ్యాను. ఊరు మునిగిందని చెబితే ఆయన నీళ్లకేసి చూసి, వచ్చిన తలపును పట్టుకోవద్దు, తరమొద్దు, ఏమీ చేయకుండా ఊరికే ఉండు, లోపల ఉన్నది ఎప్పుడూ 'జాగా' అన్నాడు. నాకు సరిగా అర్థం కాలేదు. కాలేదని ఒప్పుకోవడానికి చదువుకున్నవాడినన్న బింకం అడ్డొచ్చింది. మా వైపు ఉర్దూలో జాగా అంటే చోటే గనుక, లోపల జాగా ఉన్నదట, అది యాడికీ పోదట అని బాపుకు చెప్పేశాను.

బాపు ఆ మాట గట్టిగా పట్టుకున్నాడు. రోజూ పొద్దున మందను బీట్లోకి వదిలి, గొంగడి పరుచుకుని, కళ్లు మూయకుండా, ఆకాశం కింద ఊరికే కూర్చునేవాడు. మెల్లగా అన్నం సహించింది, నిద్ర పట్టింది. ఏం జపం జేస్తున్నవని అమ్మ ఎగతాళి చేస్తే బాపు అన్న మాట ఆమే నాకు తరువాత చెప్పింది.

"ఏం జేస్తలేనే. ఊరు యాదికొస్తది, పోతది. మంద వస్తది, పోతది. జాగా పోతదా?"

ఆ మాట చెబుతూ అమ్మ నవ్వింది. ఊరు మునిగాక ఆమె నవ్వగా చూడటం అదే మొదలు.

మళ్లీ సెలవులకు వచ్చేనాటికి నాకు హిందీ వ్యాకరణం తలకెక్కింది. హిందీలో 'జాగా' అంటే మేలుకొన్నది అని. చోటుకు మాట వేరు. స్వామి చెప్పింది మెలకువ గురించి. అది తెలిసి ఊరుకోలేక, చుట్టాలందరి ముందర, పాఠం చెప్పినట్టు బాపుకు చెప్పాను. ఇన్నొద్దులు లేని జాగకు కావలి ఉన్నవా బావా, అని మేనమామ నవ్వాడు. బాపు నవ్వలేదు.

"మెలకువనా? గది నాకు ఊరు మునిగిన్నాటి సంది ఉన్నదే గద కొడుకా. నిద్రే లేకుండె."

గొంగడి దులుపుకుని లేచాడు. ఆ తరువాత ఎన్నడూ అట్లా కూర్చోలేదు. బతికినన్నాళ్లూ రాత్రిళ్లు మంచం మీద లేచి కూర్చునే ఉన్నాడు.

ఉద్యోగం అయిపోయాక, హైదరాబాదులో స్వెటర్లు అమ్మే టిబెట్‌వాళ్ల దగ్గర ఒక భిక్షువు కనబడితే ఈ మాట అడిగాను. తమలో జోగ్‌చెన్ అనే సాధన ఉందనీ, మనసు తన సహజస్థితిలో ఎప్పుడూ మేలుకొనే ఉంటుందనీ, ఆ మెలకువ ఆకాశంలాగా హద్దులేని చోటనీ, ఆ రెంటినీ విడదీయలేమనీ ఆయన ఓపికగా చెప్పాడు. చోటు అనుకున్న బాపు మాటను నేను దిద్దాను గానీ, అందులో అసలు తప్పే లేదు. ఉన్నా, ఎన్నాళ్లకో నిద్రపట్టిన మనిషిని లేపి చెప్పవలసింది కాదు.

ఇప్పుడు నేనూ పొద్దున్నే వాకిట్లో కుర్చీ వేసుకుని ఊరికే కూర్చుంటాను. ఎదురుగోడ అవతలి బీడంతా హద్దురాళ్లు పాతి ముక్కలు చేశారు, మేడల నడుమ ఆకాశం కూడా ముక్కలైంది. తలపులను పట్టుకోకుండా, తరమకుండా ఉండాలని చూస్తాను. మునిగిన ఊరు వస్తుంది, పోతుంది. అమ్మ నవ్వు వస్తుంది, పోతుంది. గొంగడి దులుపుకుని లేచిన బాపు మాత్రం వస్తాడు, పోడు.